ప్రస్థానం పెట్టిన కిట్ బ్యాగు

మంచి ఘడియకు ఖరీదెంతో మీరెప్పుడైనా లెక్క కట్టారా? నేనడిగేది పంచాంగం వెల కాదు, పురోహితుడి సంభావన కూడా కాదు. మంగళవారం ఆటకు ఆదివారమే బయలుదేరితే అదనంగా అయ్యే లాడ్జి అద్దె ఎంత? భోజనాలెంత? ఆ డబ్బు ఎవరి కంచంలోంచి తీసినది? నేను లెక్క కట్టాను. కట్టినందుకు ఒక తలుపు పగలగొట్టాల్సి వచ్చింది. ఇప్పుడిప్పుడే కాలేజీల్లో ఉద్యోగాలకు చేరి, కమిటీల్లో కూర్చుని, ముందున్న కాగితం మీద సంతకం పెట్టి లేచిపోతున్న కుర్రవాళ్ళకు ఆ సంగతి చెప్పాలని ఇది రాస్తున్నాను.

నర్సీపట్నంలో ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. విశ్వవిద్యాలయం కింద నడిచే కాలేజీలన్నిటిలాగే మాకూ ఒక క్రీడా సంఘం ఉండేది. విద్యార్థులు ఫీజుతో పాటు కట్టే ఆటల రుసుము, ఊళ్ళో ఒకరిద్దరు బెల్లం వ్యాపారులు ఇచ్చే చందా, అంతే దాని ఆస్తి. ప్రిన్సిపాల్ అధ్యక్షులు. వ్యాయామ అధ్యాపకులు కార్యదర్శి, ఆయన్ని అందరం పీడీ గారు అనేవాళ్ళం. కోశాధికారి పదవికి ఎవరూ ముందుకు రాలేదు. "అంకెలు మీ ఇంటి దేవుళ్ళు కదండీ" అని నా మెడలో వేశారు. దేవుళ్ళంటే గిట్టని మనిషినని తెలిసే అన్నారు.

బాధ్యత తీసుకున్న మొదటి వారం పాత బడ్జెట్ కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

"ఈ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?" అని పీడీ గారిని అడిగాను.

"పోయినేడాది దానికి నూటికి పది కలిపినామండి."

"పోయినేడాదిది?"

"అంతకు ముందేడాది దానికి పది కలిపినారు."

"మరి మొట్టమొదటిది?"

ఆయన నవ్వారు. "మొదటిది ఏసినాయన ఎప్పుడో రిటైరైపోనారు సార్. ఆయన్ని అడగాలంటే రాజమండ్రి ఎల్లాల. దానికి మల్లీ టీఏ ఏసుకోవాల."

ఇలాంటి బడ్జెట్‌ను నిలబెట్టేది అలవాటు ఒక్కటే. అలవాటుకు కారణం అడిగితే మూఢనమ్మకానికి వచ్చినంత కోపమే వస్తుంది. ఆ కాగితంలో సగానికి సగం ఆటల దినోత్సవానికి పోయేది. షామియానా, మైకు, ముఖ్య అతిథికి దండ, శాలువా, జ్ఞాపిక, ముఖ్య అతిథి వెంట వచ్చినవాళ్ళకు శాలువాలు, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళకు టిఫిన్లు. మిగతాదాంట్లో క్రికెట్‌ది పెద్ద పీట, తర్వాత వాలీబాల్. ఆయుధపూజకు బ్యాట్లకూ బంతులకూ కొబ్బరికాయలు, గుమ్మడికాయలు. అట్టడుగున ఒక్క వరుస: 'అమ్మాయిల ఆటలు – మిగులును బట్టి.' దానికెదురుగా అంకె లేదు. ఏ ఏడాదీ ఉండలేదు. మిగులును బట్టి చేసిందల్లా ఒక టెన్నికాయిట్ రింగు కొనడం, ముగ్గుల పోటీ పెట్టడం. ముగ్గులు ఏ క్రీడ కిందికి వస్తాయో విశ్వవిద్యాలయాన్ని అడిగినవాడు లేడు.

కానీ మా కాలేజీలో అమ్మాయిలు కబడ్డీ ఆడేవారు. ఎవరూ ఆడించకుండానే ఆడేవారు. కాలేజీ వెనక నేలలోని కంకరను వాళ్ళే ఏరి, తాండవ కాలువ దగ్గరి నుంచి ఇసుక బస్తాలు మోయించుకొచ్చి పరుచుకున్నారు. ఆఖరి క్లాసుకూ ఊళ్ళకు వెళ్ళే షేర్ ఆటోలకూ మధ్య దొరికే కాస్త సమయంలో చున్నీలు నడుముకు బిగించి కూతకు దిగేవారు. పీడీ గారు తన వాలీబాల్ కుర్రాళ్ళను వదిలి వచ్చి వాళ్ళకు కాలు పట్టడం, గొలుసు కట్టడం నేర్పేవారు. ఆ పని ఆయనకెవరూ చెప్పలేదు. ఆయన గురించి ముందు ముందు కటువుగా రాస్తాను కాబట్టి ఈ మాట ముందే రాయడం న్యాయం.

జట్టు కెప్టెన్ నాతవరం వైపు అమ్మాయి. డిగ్రీ ఆఖరి సంవత్సరం. తల్లి జీడిపిక్కలు ఒలిచే షెడ్డులో పని చేసేది. ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూముకు వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"సార్, మిగులును బట్టి అంటే ఏటండి?"

"మిగిలితే ఇస్తామని."

"ఎప్పుడైనా మిగిలిందేటండీ?"

"లేదు."

"మరయితే ఇవ్వం అని రాసేత్తే సరిపోద్ది కద సార్. మేం ఆశ పెట్టుకోం."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. ఆ ఏడాది అంతర్ కళాశాలల కబడ్డీ పోటీలు విశాఖలో ఉన్నాయని, అక్కడ బాగా ఆడినవాళ్ళను విశ్వవిద్యాలయం జట్టు శిక్షణ శిబిరానికి తీసుకుంటారని, ఆ శిబిరం సర్టిఫికెట్ ఉంటే వ్యాయామ విద్య కాలేజీలో సీటుకు దారి ఉంటుందని చెప్పింది. "వచ్చే ఏడు నాను ఈ కాలేజీలో ఉండను సార్. మాయమ్మ ఇప్పటికే షెడ్డులో నా పేరు సెప్పుంచింది. పిక్కలొలిస్తే సేతి ఏళ్ళు నల్లగైపోతాయి. నల్లగైతే అయినాయి, గానీ ఆట పోద్ది." ఇంత మాట అని, తనే సిగ్గుపడి వెళ్ళిపోయింది.

అందుకే ఆ ఏడాది బడ్జెట్‌ను నూటికి పది కలపకుండా మొదటినుంచీ వేశాను. పద్ధతి పెద్ద విద్యేమీ కాదు. ప్రతి వరుస దగ్గరా ఆగి, ఇది లేకపోతే ఏ ఆట ఆగిపోతుంది అని అడగడమే. శాలువా లేకపోతే ఏ ఆటా ఆగదు. మోకాలి పట్టీ లేకపోతే ఆగుతుంది. అలా అడుగుతూ పోతే ప్రయాణాల దగ్గర చిక్కొచ్చింది. మా జట్లు ఎక్కడికి వెళ్ళినా ఒకటి రెండు రోజుల ముందే వెళ్ళేవి. ఎందుకని పీడీ గారిని అడిగాను. మంచి రోజు చూసుకుని వెళ్ళాలండి అన్నారు.

ఆయన నమ్మకం వెనక ఒక గాయం ఉంది. కొన్నేళ్ళ కిందట వాలీబాల్ జట్టు తునిలో ఆడి వ్యానులో తిరిగొస్తూ కల్వర్టు గోడను గుద్దుకుంది. ఒక కుర్రాడి కాలు విరిగింది. వాణ్ణి భుజాన వేసుకుని రోడ్డు దాకా మోసింది పీడీ గారే. ఆ రోజు అమావాస్య.

"అమావాస్య సార్. నాను వద్దన్నాను. ఇనలేదు."

"వ్యాను టైర్లు ఎలా ఉండేవండీ?"

"గుండు కొట్టించినట్టుండేయి."

"మరి అలాంటి వ్యాను ఎందుకు మాట్లాడారు?"

"మన బడ్జెట్‌కి ఆడొక్కడే ఒప్పుకున్నాడు సార్."

చూశారా? జవాబు ఆయన నోట్లోనే ఉంది. అరిగిన టైరుకు డబ్బు లేకపోయింది, శాలువాలకు ఉంది. అయినా నేరం చంద్రుడి మీద పడింది. చంద్రుడు వచ్చి సంజాయిషీ ఇచ్చుకోలేడు కదా!

బడ్జెట్ సమావేశానికి ఎప్పుడూ క్రికెట్ కెప్టెన్ ఒక్కడే విద్యార్థుల తరఫున వచ్చేవాడు. ఆ ఏడాది కబడ్డీ కెప్టెన్‌నూ పిలిపించాను. ప్రిన్సిపాల్ గారు నా కాగితం చూసి కళ్ళజోడు తీసేశారు.

"ముఖ్య అతిథికి శాలువా లేకుండా ఎలాగండీ? ఆయనేమనుకుంటారు?"

"మార్చి నెల ఎండలో, రేకుల షెడ్డు పక్కన, ఉన్ని శాలువా కప్పితే ఆయన ఇప్పుడేమనుకుంటున్నారో మనకు తెలుసాండీ? చేతికో కొబ్బరి బొండం ఇద్దాం. దీవిస్తారు."

ఆయనకు నవ్వు వచ్చింది కానీ ఆపుకున్నారు. తర్వాతి వరుసకు వెళ్ళారు. "ఇదేమిటి, అనుకోని ఖర్చులు? అనుకోనివని ముందే అనుకుని డబ్బు పక్కన పెట్టడమేమిటండీ?"

"అమావాస్యకు భయపడేవాళ్ళకు పంచాంగం ఉంది. లెక్కలు చూసేవాడికి ఈ వరుస ఉందండి. ప్రయాణంలో ఏదో ఒకటి జరుగుతుంది. ఏది జరుగుతుందో తెలియదు కాబట్టి డబ్బు ఉండాలి."

ఈలోగా క్రికెట్ కెప్టెన్ గొణిగాడు. "ఆల్లకి ముగ్గుల పోటీ ఉంది కద సార్. కబడ్డీ కూడా ఎందుకండీ?"

కబడ్డీ కెప్టెన్ అతని వైపు తిరిగింది. "ముగ్గేత్తే యూనివర్సిటీ టీములోకి తీసుకుంటారేటి? అలాగైతే బ్యాటు ఇలా పడీసి నువ్వూ ఏద్దువు గాని రా, సుక్కలు నాను పెడతాను."

ప్రిన్సిపాల్ గారి నవ్వు ఈసారి ఆగలేదు. నవ్విన మనిషి ఒప్పుకోవడానికి సగం దగ్గరికి వచ్చినట్టే. శాలువాలు పోయాయి. అనుకోని ఖర్చుల వరుస ఉండిపోయింది. ఇక ఒక్క ప్రయాణం రోజే మిగిలింది. ఆట మంగళవారం. పీడీ గారు ఆదివారం వెళదామన్నారు. సోమవారం, మంగళవారం తిథి బాగాలేదన్నారు. రెండు రాత్రుల బసకు లెక్క వేసి చూపించాను. సరిగ్గా అమ్మాయిల భోజనాలకూ బూట్లకూ పెట్టినంత అయింది. "మీ మంచి రోజు ఖరీదు పన్నెండుమంది ఆడపిల్లల అన్నమండీ" అన్నాను. అందరూ నవ్వారు. పీడీ గారు మాత్రం నవ్వలేదు. మంగళవారం తెల్లవారి మొదటి ఆర్టీసీ బస్సులో బయలుదేరాలని తీర్మానం అయింది.

ఇప్పుడైతే ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సులో టికెట్ లేదు. ఆ ఏడాదికి ఇంకా ఉంది. మేం కేటాయించిన ప్రతి రూపాయీ ఎక్కడికి పోతుందో కళ్ళతో చూద్దామని నేనూ జట్టు వెంట బయలుదేరాను. అమ్మాయిలకు తోడుగా మా తెలుగు మేడమ్ వచ్చారు. ఆవిడది మిషన్ చర్చి కుటుంబం. ముహూర్తాలు పట్టించుకోరు కానీ బస్సు ఎక్కే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. నేను గడియారం చూశాను. అది చూసి ఆవిడ "అరనిమిషమేనండీ, లాడ్జి అద్దె పడదు" అన్నారు.

అమ్మాయిలు పన్నెండుమందీ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో వరుసగా నిలబడ్డారు. గొలుగొండ నుంచి వచ్చే ఇద్దరు ముందురోజే స్నేహితుల ఇళ్ళకు వచ్చి పడుకున్నారట. పీడీ గారు ఖాళీ చేతులతో వచ్చారు.

"సామానేదండీ?" అన్నాను.

"దారిలో ఎక్కించుకుందాం సార్. మాకవరపాలెం రోడ్డులో మా బావమరిది ఇంటికాడ ఉంది."

"అక్కడెందుకుంది?"

ఆయన బస్సు బోర్డు చదవసాగారు. మేడమ్ నా చెవిలో చెప్పారు. "ఆదివారం ప్రస్థానం పెట్టారటండి."

ఈ తరానికి ఈ మాట తెలియకపోవచ్చు. మంచి రోజున మనం బయలుదేరడానికి వీలు కాకపోతే, ఆ రోజున మన సామానులో ఏదో ఒకటి తీసుకెళ్ళి, ప్రయాణం చేయబోయే దిక్కున వేరొకరి ఇంట్లో పెట్టి వస్తారు. సామాను మంచి ఘడియలో గడప దాటింది కాబట్టి మనమూ దాటినట్టే లెక్క. తర్వాత ఏ దుర్ముహూర్తంలో పోయినా దోషం అంటదట. దేవుణ్ణి నమ్మేవాళ్ళే దేవుణ్ణి ఇంత తేలిగ్గా బురిడీ కొట్టించవచ్చని నమ్మడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది. సాధారణంగా ఒక కండువానో సంచినో పెడతారు. పీడీ గారు ఆడపిల్లల మొదటి ప్రయాణమని, ఏ లోపం ఉండకూడదని, కిట్ బ్యాగు మొత్తం పెట్టేశారు. అందులో జెర్సీలున్నాయి, బూట్లున్నాయి, మోకాలి పట్టీలున్నాయి. ప్రిన్సిపాల్ సంతకం, ముద్ర, ఫొటోలు ఉన్న అర్హత పత్రాల ఫైలూ అందులోనే ఉంది. ఆ పత్రాలు లేకపోతే పోటీల దగ్గర గేటు లోపలికి కూడా రానివ్వరు. ఉదయం పదింటిలోగా అవి బల్ల మీద పెట్టకపోతే జట్టు పేరు కొట్టేస్తారు.

ఊరు దాటుతుండగా బస్సు ఆపించాం. రోడ్డు పక్కన బ్యాగుతో నిలబడాల్సిన బావమరిది లేడు. ఇంటికి తాళం. పక్కింటి గుమ్మంలో కళ్ళాపి చల్లుతున్న ఒకామె చెంబు పట్టుకునే వచ్చింది.

"ఓలమ్మా, ఆల్లు లేరు బాబూ. పాయకరావుపేటలో ఆయన పెల్లాం మేనత్త పోనాదని కబురొచ్చి, సీకటితోనే ఎల్లిపోనారు."

పీడీ గారు ఫోన్ చేశారు. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశారు. కండక్టర్ తలుపులోంచి వంగి అరిచాడు.

"సార్, ఎక్కితే ఎక్కండి, దిగితే దిగండి! ఈ బస్సుకి ముహూర్తం లేదు, టైమే ఉంది!"

నాకు ఆ కండక్టర్‌ను కౌగిలించుకోవాలనిపించింది. కానీ పత్రాలు లేకుండా విశాఖ వెళ్ళి చేసేదేముంది? అందరం దిగాం. బస్సు వెళ్ళిపోయింది, మా టికెట్ల డబ్బుతో సహా.

నేను పీడీ గారి మీదికి వెళ్ళాను. ఏమన్నానో అచ్చులో పెట్టను. మేడమ్ మధ్యకు వచ్చారు. "అందరి ముందూ అంతలా వెక్కిరిస్తే ఆయన మీకు చెప్పి చేస్తారాండీ? దాచి చేస్తారు. ఇప్పుడు వాదన తర్వాత, ముందు తలుపు సంగతి చూడండి." నమ్మకాన్ని చూసి నవ్వితే అది చావదు, అటకెక్కి దాక్కుంటుంది. ఆ సంగతి నాకు ఏ చర్చావేదికా నేర్పలేదు. రోడ్డు మీద మేడమ్ నేర్పారు.

ఆఖరికి బావమరిది ఫోన్ ఎత్తాడు. పీడీ గారు స్పీకర్ పెట్టారు. వెనక ఏడుపులు వినిపిస్తున్నాయి.

"తాలం సెవి నా జేబులోనే ఉండిపోనాది బావా. నువ్వొచ్చి పట్టుకెల్లిపో."

"పేట ఎల్లి రావాలంటే ఆట అయిపోద్దిరా. తలుపు తీయాల."

"బద్దలు కొడతావేటి? వద్దు బావా! సావు మైల ఒకపక్క, ప్రస్థానం సామాను ఉన్న ఇల్లు ఒకపక్క. తాలం పగిల్తే ఇంటికి అరిష్టం."

అమావాస్య వ్యాను, కాలు విరిగిన కుర్రాడు పీడీ గారి కళ్ళలో కనబడుతూనే ఉన్నారు. తలుపు వైపు ఒకడుగు వేసి ఆగిపోయారు. నేను నోరు తెరవబోయాను. అంతలో కెప్టెన్ ఆయన ముందుకు వచ్చింది.

"సార్, ఆ ఇంటికి అరిష్టం వద్దు, సరే. మాకు పర్లేదేటండీ?"

ఆయన తాళం వైపు చూశారు.

"నానింకో ఏడు ఆడను సార్. మీకు తెలుసు."

అప్పుడు ఫోనులో ఇంకో గొంతు వినిపించింది. బావమరిది భార్య. భర్త చేతిలోంచి ఫోన్ లాక్కున్నట్టుంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయి ఉంది.

"అన్నయ్యా! కొట్టీండి తాలం! పోనోల్ల కోసం మేం ఏడుత్తన్నాం కదా, ఉన్నోల్లు కూడా ఎందుకేడవాల? బేగి కొట్టి ఎల్లండి. గొల్లెం ఊడితే ఊడింది, మీరొచ్చి కొత్తది ఏయించండి!"

ఒకామె చావింట్లో కూర్చుని మైలనూ అరిష్టాన్నీ పక్కకు నెట్టి, ఎన్నడూ చూడని పన్నెండుమంది ఆడపిల్లల పక్షాన నిలబడింది. నేను చదివిన తర్కం అంతా ఒక పక్క పెడితే, ఆ రెండో పక్క ఆవిడ ఒక్క మాట చాలు.

పీడీ గారు చొక్కా చేతులు పైకి మడిచారు. ఒకప్పుడు ఇనుప గుండు విసిరిన మనిషి. రోడ్డు పక్కన పడి ఉన్న కంకర బండను రెండు చేతులతో ఎత్తి, తాళం మీద వేశారు. మొదటి దెబ్బకు తాళం కదల్లేదు. రెండోదానికి గొళ్ళెం చెక్కతో సహా ఊడి వచ్చింది. అమ్మాయిలు గెలిచినట్టే అరిచారు. లోపల మూలన కిట్ బ్యాగు తూర్పు ముఖంగా కూర్చుని ఉంది. దాని మీద పసుపు బొట్టు, పైన ఒక నిమ్మకాయ. గొలుగొండ అమ్మాయి ఒకతి నిమ్మకాయ తీసి జేబులో వేసుకుంది. "సోడాలోకి పనికొత్తాది" అంది. పక్కింటామె తన మంచం తెచ్చి ఆ గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. "ఆల్లొచ్చేదాకా నాను కదల్ను, పొండి."

తర్వాతి బస్సు కోసం కూర్చుంటే పనికాదు. అనుకోని ఖర్చుల డబ్బు తీశాను. రెండు ఆటోలు మాట్లాడి తాళ్ళపాలెం దాకా, అక్కడ హైవే మీద తుని వైపు నుంచి వచ్చే బస్సు పట్టుకుని విశాఖ, దిగి మళ్ళీ ఆటోలు. ఆటోలో మోకాళ్ళ మీద మోకాళ్ళు వేసుకుని కూర్చుని అమ్మాయిలు జెర్సీల నంబర్లు పంచుకున్నారు. పీడీ గారు ముందు సీట్లో డ్రైవర్ పక్కన కూర్చుని వెనక్కి తిరిగి మొదటి ప్రత్యర్థి జట్టు ఎలా ఆడుతుందో చెబుతూనే ఉన్నారు. పోటీలు జరిగే కాలేజీ గేటు దగ్గర దిగేసరికి నిర్వాహకులు బల్ల ఎత్తేస్తున్నారు. మేడమ్ పరిగెత్తి ఫైలు ఆ బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి ఆనించి నిలబడ్డారు. "పేర్లు రాసుకున్నాక తీసుకుంటాను నా చెయ్యి" అన్నారు. రాసుకున్నారు.

ఆట గురించి గొప్పలు చెప్పను. మొదటి ఆట గెలిచారు. రెండోదీ గెలిచారు, కెప్టెన్ ఒక్క కూతలో ముగ్గుర్ని తాకి వచ్చింది. మూడోది ఓడిపోయారు. ఎదుటి జట్టు అమ్మాయిలు కబడ్డీ కోసం పరిచే రబ్బరు చాప మీద సాధన చేసినవాళ్ళు, మావాళ్ళు తాండవ ఇసుక మీద. చాప మీద పాదం ఎలా జారుతుందో మావాళ్ళకు తెలియలేదు. అది నేర్పేది మంత్రం కాదు, చాప. దానికి డబ్బు కావాలి. సాయంత్రం ఎంపికదారులు చదివిన జాబితాలో కెప్టెన్ పేరు చివర్లో, అదనపు క్రీడాకారిణుల్లో వచ్చింది. శిబిరానికి వెళ్ళింది. విశ్వవిద్యాలయం తరఫున ఒక్క ఆటా ఆడలేదు, ఆమెను బల్ల మీదే కూర్చోబెట్టారు. కానీ సర్టిఫికెట్ వచ్చింది. దానితో వ్యాయామ విద్య కాలేజీలో సీటు వచ్చింది. ఇప్పుడామె ఒక బడిలో ఆటల టీచరు. షెడ్డులో రాయించిన పేరును తల్లి వెళ్ళి కొట్టించిందట.

ఏడాది చివర్లో ఆడిటర్ వచ్చారు. ఆయన వేలు ఒక్క వరుస దగ్గర ఆగింది.

"తాళం, గొళ్ళెం, వడ్రంగి కూలి. ఇది ఏ ఆట కిందికి వస్తుందండీ?"

"కబడ్డీ."

"కబడ్డీలో తాళం ఎక్కడ వాడతారు?"

"తాళం వాడలేదండీ, పగలగొట్టాం. ముగ్గుల పోటీకి ఇన్నేళ్ళు మీరు అభ్యంతరం చెప్పలేదు. దీనికీ చెప్పకండి." అనుకోని ఖర్చుల వరుస ఉండబట్టి ఆ ఖర్చు ఎక్కడో దాచాల్సిన పని లేకుండా పోయింది. ఆయన టిక్కు పెట్టి పేజీ తిప్పారు.

పీడీ గారు మారిపోయారని రాస్తే మీకు బాగుంటుంది. మారలేదు. కొన్ని నెలల తర్వాత స్టాఫ్ రూములో టీ తాగుతూ అన్నారు. "ఆ రోజు తాలం పగిలిన టైము తర్వాత పంచాంగంలో సూసేను సార్. అమృత ఘడియ! అందుకే మన కెప్టెన్ గుంటకి సర్టిఫికెట్ వచ్చింది." మూఢనమ్మకం ఎప్పుడూ ఇలాగే గెలుస్తుంది. ఓడిపోయిన ఆటలో కూడా స్కోరు తనే రాసుకుంటుంది. నేను వాదించలేదు. ఒక్కటే చెప్పాను. "సరేనండి, వచ్చే ఏడాది నుంచి ఫైలు మాత్రం నా దగ్గర ఉంటుంది. ప్రస్థానానికి మీ కండువా పెట్టుకోండి." ఒప్పుకున్నారు. ఒక మనిషి భయాన్ని నేను తీసేయలేను. ఆ భయానికి అయ్యే ఖర్చు ఆడపిల్లల వాటాలోంచి పోకుండా మాత్రం ఆపగలను. బడ్జెట్ చేయగలిగిన సంస్కరణ అంతే. అది తక్కువేం కాదు.

నేను రిటైరయ్యాక మా కాలేజీలో శాలువాలు తిరిగి వచ్చాయని విన్నాను. ఆశ్చర్యపోలేదు. ఒకసారి పీకిన కలుపు మళ్ళీ మొలుస్తుంది, మళ్ళీ పీకాలి. పీకే చేతులు నావి కావు ఇప్పుడు, మీవి. బస్సు ఛార్జీ లేదు కాబట్టి ఆడపిల్లల్ని పంపలేమనే సాకు కూడా చచ్చిపోయింది. మిగిలినవి అన్నం, బూట్లు, ఒక రాత్రి బస, ఆడుకోవడానికి ఒక చాప. ఇవి ఇవ్వలేని సంఘం ఆటల సంఘం కాదు, సన్మాన సంఘం. రేపు కాలేజీకి వెళ్ళగానే స్టాఫ్ రూముకు పోకండి. నేరుగా మైదానంలోకి వెళ్ళండి. అక్కడున్న ఆడపిల్లల్ని పిలిచి, ఈ ఏడాది ఎక్కడికి వెళ్ళి ఆడాలనుకుంటున్నారో అడగండి. వాళ్ళు చెప్పిన ఊరికి ఖర్చు వాళ్ళ ముందే వేయండి. ఆ అంకెతో సమావేశానికి వెళ్ళండి, వాళ్ళలో ఒకర్ని పక్కన కూర్చోబెట్టుకోండి. తర్వాత చూద్దామంటే కుర్చీలోంచి లేవకండి. ఈ ఏడాదితో చదువు ముగిసే అమ్మాయికి తర్వాత అనేది లేదు. ఆ డబ్బు మంజూరు చేయించి, ఆ పిల్లల్ని బస్సెక్కించండి.